నాచులో వచ్చిన కూర్మావతారం

కాలువ దొర సీమకు వెళ్ళిపోతూ మా పెదనాన్నగారికి ఒక గాజుపెట్టె ఇచ్చిపోయాడు. ఇవ్వడానికి కారణం ఉంది. గోదావరికి ఆనకట్ట కట్టాక మా వైపు కాలువలు తవ్వించడానికి వచ్చిన ఆ దొరకు తెలుగు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. వేదం చదివిన ఇళ్ళన్నీ తలుపులు వేసుకుంటే, మా పెదనాన్న బాలగంగాధరం గారు మాత్రం ఒప్పుకున్నారు. దొర బంగళా వసారాలో కుర్చీకి దూరంగా నిలబడి పాఠం చెప్పేవారు. ఇంటికి రాగానే నూతి దగ్గర కట్టుబట్టలతో తల మీద నీళ్ళు పోసుకునేవారు. దొర కప్పిన శాలువా మీద మాత్రం ఒక్క చుక్క పడనిచ్చేవారు కాదు.

పెట్టెను పడవ మీద తెచ్చినవాడు దొర దగ్గర బంట్రోతు బంగారయ్య. కిటికీల కోసం సీమ నుంచి వచ్చిన అద్దాలను ఇనపచట్రంలో బిగించి దొర స్వయంగా చేసుకున్న పెట్టె అది. అడుగున ఇసక, ఇసకలో నాచు, నాచు మధ్య వేలెడైనా లేని చేపలు. సీమలో గొప్పవాళ్ళు ఇప్పుడు ఇలాంటి పెట్టెలు ఇంట్లో పెట్టుకుని సాయంత్రాలు వాటి ముందు కూర్చుంటున్నారట. వండుకోవడానికి కాదట, ఊరికే చూడటానికట. అది చెబుతున్నప్పుడు బంగారయ్య మొహంలో దొరల మీద జాలి కనిపించింది.

పెట్టె దించాక వాడు ఇంకో సంగతి చెప్పాడు. "కొత్త నాచు వేసినప్పుడల్లా దొరగారు దాన్ని ముందు ఉప్పునీళ్ళలో నానేసి, జాడించి అప్పుడు వేసేవోరండి. ఎందుకో నాకు తెలవదండి. దొరలు దేనికైనా ఉప్పేస్తారండి."

పెదనాన్నగారు ఆ మాట విన్నట్టు లేదు. దొర ముట్టిన పెట్టెను గడప దాటించాలా వద్దా అని అప్పటిదాకా నసుగుతున్నారు. ఇంతలో ఒక చేప అద్దం దగ్గరకు వచ్చి ఆయన్ని చూసింది. ఆయన కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. మత్స్యమూర్తి తనంతట తాను మన ఇంటికి వచ్చాడు అన్నారు. మా అగ్రహారంలో ఏ చేపా ఏ ఇంటికీ తనంతట తాను వచ్చిన దాఖలా లేదు గనక ఇది అద్భుతమేనని అందరూ ఒప్పుకున్నారు. పెట్టెకు వెలుపల పంచగవ్యంతో శుద్ధి జరిగింది. లోపల కూడా పోద్దామన్నారు గాని, చేపలు చచ్చిపోతాయేమో అన్నయ్యా అని మా అత్తయ్య అంటే ఆగారు.

అత్తయ్య పేరు అచ్చయమ్మ. పెదనాన్నగారికీ మా నాన్నగారికీ చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు. ముక్తేశ్వరంలో మరిది ఆమె చేత వడ్లు దంపించి, గొడ్ల సావిట్లో పడుకోబెట్టి, జ్వరంతో ఎముకల గూడయ్యాక పడవ ఎక్కించి మా రేవులో దింపించాడు. అప్పటి నుంచి మా ఇంట్లో మడివంట ఆమెదే. ఆమె ఎదురొస్తే అపశకునం, వడ్డిస్తే కాదు. నాన్నగారు మా అరుగు మీద వీధిబడి నడుపుతారు. తలుపు చాటున కూర్చుని నేనూ అక్కడే చదువుకున్నాను. అక్కడ చెప్పిన ఏ లెక్కతోనూ ఈ లెక్క తేలలేదు. తేలినా నేను ఎవరితోనూ అనేదాన్ని కాదు. పెద్దవాళ్ళు పేరు పెట్టి పిలిస్తేనే నేను తలుపు వెనక్కి తప్పుకుంటాను.

మత్స్యమూర్తి సంగతి నీళ్ళ కన్నా వేగంగా కాలువల వెంట పాకింది. రాజోలు నుంచి, తాటిపాక నుంచి పడవలు కట్టుకుని వచ్చేవారు. పెదనాన్నగారు పెట్టెలోంచి నీళ్ళు ముంచి, తులసిదళం వేసి, ఉద్ధరిణెతో తీర్థం ఇచ్చేవారు. ఆ నీళ్ళకు మడుగు వాసన. పుచ్చుకున్నవాళ్ళ మొహాలు చూడవలసిందే. ఒకావిడ కొంగులోకి ఉమ్మి, ఆ కొంగునే కళ్ళకద్దుకుంది.

నాచు కుళ్ళిపోతూ ఉంటుంది గనక మళ్ళీ మళ్ళీ కొత్తది కావాలి. స్వామికి కాబట్టి మడితో తేవాలి. మడితో తెచ్చేందుకు మా ఇంట్లో ఉన్నది అత్తయ్య ఒక్కతే. తెల్లవారుతూనే మునిగి, తడిబట్టతో కొత్త కాలువలో దిగి నాచూ అంతరతామరా పీక్కొచ్చేది. అంతకు ముందు పెదనాన్నగారు ఆ కాలువలో కాళ్ళు కడుక్కోవడానికి కూడా ఒప్పుకునేవారు కాదు. స్వామి వచ్చాక కాలువ దొరది అయినా నీళ్ళు గోదావరివి అని తేల్చారు.

మొదటి రోజునే అత్తయ్య ఉప్పునీళ్ళ మాట గుర్తు చేసింది. పెదనాన్నగారు జంధ్యం సర్దుకున్నారు. "గోదావరి తల్లి తడిపిన ఆకుని నూతినీళ్ళతో కడుగుతావుటే? పైగా ఉప్పా? ఇది స్వామి సన్నిధి అనుకున్నావా, ఊరగాయ జాడీ అనుకున్నావా?"

కడిగితే మడి పోతుందని ఇంటిల్లిపాదికీ అర్థమయింది. నాచు బురదతో సహా, దాన్ని పట్టుకుని వచ్చిన సమస్తంతో సహా పెట్టెలోకి వెళ్ళేది.

కొన్నాళ్ళకు చేపలు తగ్గడం మొదలయింది. చిన్నవి ముందు పోయాయి. స్వామి లీల, వస్తాడు, పోతాడు అన్నారు పెదనాన్నగారు. ఇంకా తగ్గాయి. పిల్లి మీద అనుమానం వచ్చింది. దాన్ని గోనెసంచిలో వేసి ఏరు దాటించి వదిలితే నాలుగో పూటకు తిరిగి వచ్చి వంటింటి గుమ్మంలో పడుకుంది. పిల్లికి పంపించడానికి అత్తవారిల్లు లేదు.

ఇంతలో అమలాపురం నుంచి తాసిల్దారు గారు దర్శనానికి వస్తున్నట్టు కబురొచ్చింది. కాలువ నీళ్ళు ఏ చేలకు ముందు వదలాలో చెప్పే మనిషి. స్వామి పెట్టె చూడబోతే నాచు తప్ప ఏమీ కనబడటం లేదు. పెదనాన్నగారు ముసలయ్య సిద్ధాంతిని పిలిపించారు. పిలవకపోయినా భోజనం వేళకు ఆయన రోజూ వచ్చేవాడే. పులుసులో ముక్కలు ఏరుకుంటూ వేళ్ళు మడిచి లెక్క కట్టి, వడ్డిస్తున్న అత్తయ్య వెనక్కి తిరగగానే గొంతు తగ్గించకుండానే చెప్పాడు. "పూర్వసువాసిని తెచ్చిన ఆకు మీద స్వామి ఎలా నిలుస్తాడండీ? ఆవిడ నీడ పడ్డప్పుడల్లా ఒక అంశ లేచిపోతోందండి."

పూర్వసువాసిని అంటే విధవకు మర్యాదపేరు. ఇన్నాళ్ళూ ఆమె వండినదే తింటున్న సిద్ధాంతిలో ఏ అంశా లేచిపోలేదు. ఇంకొంచెం పులుసు వేయించుకున్నాడు.

తాసిల్దారు వచ్చి వెళ్ళగానే అత్తయ్యను ముక్తేశ్వరం పడవ ఎక్కించాలని నిశ్చయమయింది. అక్కడైతే నీ వాళ్ళు ఉన్నారు కదా అన్నారు పెదనాన్నగారు. అత్తయ్య "ఆయ్, అన్నయ్యా" అని, రెండు పంచెలూ మడిచి మూటగట్టుకుంది. అమ్మ వంటింట్లో ముక్కు చీదుకుంది. నాన్నగారు అరుగు మీద ఇసకలో పిల్లవాడు రాసిన అక్షరం దిద్దుతూ తల ఎత్తలేదు. ఆ ఇంటికి మళ్ళీ వెళితే అత్తయ్య ఈసారి పడవలో తిరిగి రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు, అంతే.

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు నేను పెట్టె ముందు కూర్చున్నాను. నాచు కాడ మీద ఎండుటాకు ముక్క ఒకటి కనబడింది. మట్టిరంగు, వెడల్పు పొట్ట, చదునైన వీపు. చూస్తుండగా దానికి కాళ్ళున్నాయని తెలిసింది. ఒక చేపపిల్ల పక్కనుంచి పోతుంటే దాని గడ్డం కింద మడిచిపెట్టుకున్న చెయ్యి లాంటిది చటుక్కున ముందుకు సాగి, చేపను పట్టి నోటి దగ్గరకు లాక్కుంది. తరవాత తీరిగ్గా తల వైపు నుంచి తింది. వెతికితే అలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకటి వెనక నుంచి నీళ్ళు చిమ్ముకుంటూ ముందుకు దూకుతోంది.

అత్తయ్యను లేపుకొచ్చి చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"ఎవరితోనూ అనకే రత్నం."

"ఎందుకనీ? నీ తప్పు కాదని తెలుస్తుంది కదా."

"ఇప్పుడు నీడంటున్నారు. నీడకి సాక్ష్యం ఉండదు. ఈ పురుగు నాచులో వచ్చింది. నాచు తెచ్చింది నేను. ఇది చూపించేవంటే సాక్ష్యం కూడా మనమే ఇచ్చినట్టు."

"కడగొద్దన్నది పెదనాన్నగారు."

"ఆ మాట ఆయనతో నువ్వు అంటావా, నేను అంటానా?"

నేను పెట్టె వైపు చూశాను. నిజం మా చేతిలో ఉంది, కాని అది మా అత్తయ్యనే కరుస్తుంది.

తాసిల్దారు గారు మేనాలో వచ్చారు. ముందు బంట్రోతులు, వెనక అగ్రహారం. అత్తయ్య నీడ పడకుండా ఆమెను గొడ్ల సావిట్లో కూర్చోమన్నారు. కన్యపిల్ల శుభమని హారతి పళ్ళెం నా చేతికిచ్చారు. పెళ్ళి కుదిరి ఇంకా కాలేదు గనక ఈ ఏటికి నేను శుభం.  పెట్టెలో మిగిలింది ఒక్క చేప. పెదనాన్నగారు శ్లోకం మీద శ్లోకం చదువుతుంటే స్వామి నాచు వెనక నుంచి రానే రాడు.

చివరికి వచ్చాడు. తాసిల్దారు గారు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. కాడ మీద ఉన్న ఎండుటాకు ముక్క చెయ్యి సాచింది.

 స్వామి తోక కొంచెంసేపు కొట్టుకుని ఊరుకుంది.

"ఇదేవిటండి శాస్త్రిగారూ," అన్నారు తాసిల్దారు గారు. "మీ దేవుణ్ణి పురుగు తినేస్తోంది."

పెదనాన్నగారి మొహం విభూది రంగుకు తిరిగింది. సిద్ధాంతి ముందుకు వచ్చాడు. "నే చెపుతూనే ఉన్నానండి. ఇదంతా ఆ అచ్చయమ్మ గారు తెచ్చిన నాచు..." అని గొడ్ల సావిడి వైపు చెయ్యి చూపించాడు. తలలన్నీ అటు తిరిగాయి. పెదనాన్నగారు కూడా అటే చూసి, పడవ సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే కట్టించండి అన్నారు.

నా గొంతు నాకు తెలియకుండా బయటికి వచ్చింది. "పెదనాన్నగారూ, మత్స్యం తరవాత కూర్మం కదండీ."

ఎవరికీ వినబడలేదు. తాసిల్దారు గారికి మాత్రం ఏదో వినబడి, ఏవిటమ్మా అన్నారు. రెండోసారి అనడం మొదటిసారి కన్నా కష్టం. పళ్ళెంలోని వత్తి వైపు చూస్తూ అన్నాను. "మత్స్యావతారం అయిపోయిందండి. కూర్మావతారం వచ్చిందండి."

పెదనాన్నగారు నా వైపు చూశారు, పెట్టె వైపు చూశారు, కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. మునిగిపోయేవాడికి అరటిబోదె దొరికినట్టుంది ఆయన మొహం. సిద్ధాంతి చూపించిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని దించకుండానే వాక్యం పూర్తి చేశాడు. "...ఆ నాచే కదండీ స్వామికి పీఠమయింది. ఎంత పుణ్యమండీ ఆవిడది."

తాసిల్దారు గారు మళ్ళీ వంగి చూసి, వీపు తాబేలు లాగే ఉందండోయ్ అని లెంపలు వేసుకున్నారు. ప్రభుత్వం ఒప్పుకున్నాక శాస్త్రానికి అడ్డేముంది. అత్తయ్యను సావిట్లోంచి పిలిపించారు. గడ్డిపరకలు దులుపుకుంటూ వచ్చిన ఆమెకు తాసిల్దారు గారు దండం పెట్టారు. స్వామి వెలసిన ఊరని కాలువ నీళ్ళు ముందు మా అగ్రహారం చేలకు వదలమని అక్కడికక్కడే సెలవిచ్చారు. ముక్తేశ్వరం పడవ ఖాళీగా పోయింది.

కూర్మమూర్తికి మహా వైభవం జరిగింది. ఆయన వెనక నుంచి నీళ్ళు చిమ్మితే అది క్షీరసాగర మథనం. ఒకదాన్నొకటి పట్టుకుని తింటే సిద్ధాంతి దాన్ని అద్వైతం అన్నాడు. కాని నైవేద్యం దగ్గర చిక్కొచ్చింది. చక్రపొంగలి తినలేదు, అరటిపండు తినలేదు, పాలు పోస్తే నీళ్ళు తెల్లబడ్డాయి గాని స్వామి కదల్లేదు. ఇలాగే ఉంటే అద్వైతం ముదిరి చివరికి ఒక్కడే మిగిలేటట్టున్నాడు. ఆయనకు ఏది ఇష్టమో తాసిల్దారు సహా అందరూ కళ్ళారా చూశారు. పైకి అనడానికే ఎవరికీ నోరు రాలేదు.

మూడు రోజులు మథనపడి పెదనాన్నగారు ఆ వస్తువుకు జలపుష్పాలు అని పేరు పెట్టారు. పేరు పెట్టాక తేలికయింది. పల్లెపాలెం నుంచి చేపలమ్మే సూర్యకాంతం రోజూ పొద్దున్నే చిన్న కుండలో బతికున్న జలపుష్పాలు దొడ్డిగుమ్మం దగ్గరకు తెచ్చేది. అత్తయ్య అందుకుని పెట్టెలో వదిలేది. సూర్యకాంతం నవ్వు ఆపుకోలేకపోయేది. "మా పాలెంలో కూడా ఇంత తాజా సరుకు ఎవరూ తినరండి అమ్మగారూ."

ఒకనాడు ఒక కూర్మం అంతరతామర ఆకు మీదికి పాకి, వీపు చీల్చుకుంది. లోపలి నుంచి తడిరెక్కలతో ఒక జీవం వచ్చి, ఎండలో ఆరి, కిటికీలోంచి పోయింది. గరుత్మంతుడు అన్నారు పెదనాన్నగారు. ఖాళీ పెంకును వెండి బరిణెలో పెట్టి వచ్చినవాళ్ళ కళ్ళకద్దుతున్నారు. అది తూనీగ. మా దొడ్లో బట్టలారేసే తాడు మీద అలాంటి గరుత్మంతులు రోజూ వాలతారు. ఒకటి పోయినా లోటు లేదు. కొత్త నాచుతో కొత్త కూర్మాలు వస్తూనే ఉన్నాయి.

వైభవం ఎక్కువయ్యేసరికి పక్కవాళ్ళ కళ్ళు దొడ్డిగుమ్మం మీద పడ్డాయి. వేదం చదివిన ఇంట్లో రోజూ చేపలు కొంటున్నారన్న మాట ముందు నూతుల దగ్గర పుట్టి, తరవాత సంధ్యావందనాల దగ్గరికి వచ్చింది. ఒక ఉదయం అగ్రహారం పెద్దలు మా వీధి వసారాలో కూర్చున్నారు. వెలి అన్న మాట వినబడింది. సిద్ధాంతి ఈసారి వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

పెదనాన్నగారు ఉత్తరీయం భుజం మార్చుకున్నారు. తానేనాడూ చేప మొహం ఎరగనన్నారు. "దొడ్డిగుమ్మం దగ్గర పుచ్చుకునేది మా అచ్చయమ్మండి. ఆడవాళ్ళు చేసే పనులు మగవాళ్ళకేం తెలుస్తాయండి. రేపే ముక్తేశ్వరం పంపించేస్తాను."

తలుపు చాటున నేను అవతారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఈసారి నా దగ్గర అవతారం ఏదీ లేదు. వరాహం పనికిరాదు.

అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. నెత్తి మీద కొంగు సర్దుకుంది. చేతిలో సూర్యకాంతం ఇచ్చి వెళ్ళిన కుండ ఉంది.

"పంపించెయ్యి అన్నయ్యా. నాకేం. కాకపోతే రేపట్నించి స్వామికి నైవేద్యం ఎవరు పెడతారో చెప్పండి, ఇప్పుడే నేర్పేసి పోతాను. ఇదిగో, తోక దగ్గర పట్టుకోవాలి. జారిపోతుంది, గట్టిగా పట్టుకోవాలండి. సిద్ధాంతి గారూ, మీరు రండి."

కుండలోంచి ఒకటి ఎగిరి సిద్ధాంతి ఒళ్ళో పడింది. ఆయన లేచిన వేగానికి పక్కనున్న పెద్దాయన కూడా లేచాడు. అది చాప మీద గెంతుతుంటే వేదం మొత్తం గోడకు ఆనుకుని నిలబడింది.

"ఎవరూ పెట్టకపోతే స్వామి నిరాహారంగా ఉంటాడండి," అంది అత్తయ్య. "తాసిల్దారు గారు మళ్ళీ దర్శనానికి వస్తే పెట్టె ఖాళీగా ఉంటుంది. నీళ్ళు ముందు ఎవరి చేలకి వదలాలో ఆయనే చూసుకుంటారు."

గోడవారనున్న వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్కరికీ కాలువ కింద చేను ఉంది. స్వామిని వదలడానికి లేదు, స్వామికి పెట్టేందుకు ఎవరి చెయ్యీ లేవదు. అందరిలోకీ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"కైంకర్యానికి ఒక మనిషి ఉండాల్సిందే కదండీ. ఇక వెలి మాటంటారా, పూర్వసువాసినికి వెలేవిటండీ? ఆవిడ ఎందులోనూ లేనిదే కదా."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎంత చక్కగా చెప్పేరండీ అన్నాడు సిద్ధాంతి, పంచె దులుపుకుంటూ. పెదనాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. ముక్తేశ్వరం మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆ కుండ తమ చేతికి వస్తుందని అందరికీ తెలుసు.

వాళ్ళు మెట్లు దిగిపోయాక అత్తయ్య చాప మీది చేపను తీసి పెట్టెలో వదిలింది. ఒక కూర్మం కాడ మీద నుంచి దాని వైపు జరిగింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆ పెద్దాయన మాట చెవిలో ఇంకా గుచ్చుకుంటోంది. 

"ఏవిటే అలా ఉన్నావు? ఇంట్లోనే ఉన్నాను కదా."

"ఎందులోనూ లేవన్నారు."

"లేననే కదా ఉండనిచ్చేరు." అత్తయ్య అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. "ఎంత తోమినా పోవడం లేదు ఈ కంపు. ఇంకోసారి నన్ను కాపాడాలనుకుంటే, అమ్మడూ, కూరా నారా తినే అవతారాన్ని చూడు."

ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను తల తిప్పుకోలేదు.